గాలి లెక్కకు అందని వాన

2009లో ఉత్తర హిందూ మహాసముద్రంలో పేరు పెట్టదగినంత బలం పుంజుకున్న తుపాన్లు నాలుగు. ఏప్రిల్లో వచ్చిన బిజిలి బంగ్లాదేశ్ వైపు వెళ్ళిపోయింది. మే 25న ఐలా సుందరవనాల మీద పడింది. నవంబరులో ఫియాన్ అరేబియా సముద్రంలో పుట్టి కొంకణ తీరాన దిగింది. డిసెంబరులో వార్డ్ శ్రీలంక దాకా వచ్చి అక్కడే చల్లారింది. నాలుగింటిలో ఒక్కటి కూడా ఆంధ్ర తీరం దాటలేదు. తుపాన్ల పట్టిక ఒక్కటే ముందు పెట్టుకుని చూస్తే, ఆ ఏడు తెలుగు నేల నిశ్చింతగా గడిపినట్టే అనిపిస్తుంది.

ఆ ఏడే అక్టోబరు 2న కర్నూలు మునిగింది.

ముంచిన వాన బంగాళాఖాతంలో ఏర్పడిన ఒక అల్పపీడనంతో వచ్చింది. అది తుపాను స్థాయి దరిదాపులకైనా పోలేదు. అందుకే దానికి పేరు లేదు, ఆ ఏటి తుపాన్ల చరిత్రలో దాని ఊసూ లేదు. మా బతుకుల్ని అంతగా తలకిందులు చేసిన వాన ఏ పట్టికలోనూ ఎందుకు చేరలేదన్నది నన్ను ఇప్పటికీ వదలని ప్రశ్న.

మా నందికొట్కూరు నుంచి సముద్రం చూడాలంటే ఆత్మకూరు దగ్గర నల్లమల ఎక్కి, దోర్నాలలో దిగి, మార్కాపురం మీదుగా ఒంగోలు చేరాలి. పటం మీద తిన్నగా గీత గీసి కొలిచినా దాదాపు రెండు వందల కిలోమీటర్లు. మా వైపు పుట్టి, సేద్యం చేసి, ముసలివాళ్ళై, సముద్రం ముఖం చూడకుండానే వెళ్ళిపోయినవాళ్ళు ఎందరో ఉన్నారు. అయినా ఆశ్వయుజం వచ్చిందంటే వాళ్ళ చెవులు బంగాళాఖాతం వైపే ఉండేవి. మా పెదనాయన సాయంత్రం వార్తలయ్యే వేళకు అరుగు మీదికి వచ్చి, "తుపాను ఎందాకా వచ్చినాదంటరా అబ్బీ?" అని అడిగేవాడు. ఆ అడగడంలో భయం వినపడేది కాదు. రావలసిన చుట్టం ఏ బస్సెక్కాడో కనుక్కుంటున్నట్టు ఉండేది. కోస్తాలో పెరిగిన నా స్నేహితుడొకడు అది విని నిర్ఘాంతపోయాడు. తుపాను కోసం ఎదురుచూసేవాళ్ళు ఉంటారని అతను ఊహించనైనా లేదు.

అతని ఆశ్చర్యం సహజమే. దివిసీమ కథ వింటూ పెరిగిన మనిషి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో వేలమంది కొట్టుకుపోయిన తీరం అది. పెదనాయన ఎదురుచూపూ అంతే సహజం. మా నల్లరేగడి సేద్యం ఎలా నడుస్తుందో తెలిస్తే అర్థమవుతుంది.

కర్నూలు ప్రాంతానికి ఏడాది మొత్తంలో కురిసే వాన సుమారు 670 మిల్లీమీటర్లు. అందులో పెద్ద వాటా జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి తెచ్చేది. ఆ వానను నమ్ముకుని పత్తి, మొక్కజొన్న, మిర్చి పెడతారు. నైరుతి వెనక్కి మళ్ళిన తర్వాత ఆకాశానికి సొంత బలం ఉండదు. అక్టోబరు, నవంబరుల్లో మాకు పడే ప్రతి మంచి వాన వెనకా బంగాళాఖాతంలో ఏదో ఒక కదలిక ఉండాలి: అల్పపీడనమో, వాయుగుండమో, తుపానో. శనగ వేసేది సరిగ్గా అప్పుడే. శనగ వింత పంట. మొలవడానికి నేలలో పదును కావాలి, పెరగడానికి మంచు చాలు. నేల బాగా నానేటట్టు ఒక్క వాన పడితే నల్లరేగడి ఆ తడిని అడుగున దాచుకుని మాఘం దాకా వేరుకు అందిస్తుంది. ఆ ఒక్క వాన తేవలసింది సముద్రమే. నీరు పారే కేసీ కాలువ కింద ఉన్నవాళ్ళ సంగతి వేరు. మెట్ట రైతుకు మాత్రం బంగాళాఖాతమే కాలువ.

2023 అక్టోబరులో ఈ సంగతి నాకు మరీ గట్టిగా తెలిసొచ్చింది. ఆ నెల రాయలసీమలో వాన దాదాపు లేదనే చెప్పాలి. దున్ని సిద్ధం చేసిన చేలు నెర్రెలిచ్చి పడి ఉన్నాయి, విత్తనాల మూటలు ఇళ్ళలో ఉన్నాయి. అదే నెల చివరి వారాల్లో మనకు రెండువైపులా ఉన్న రెండు సముద్రాల్లోనూ తుపాన్లు పుట్టాయి. అరేబియా సముద్రంలో పుట్టిన తేజ్ యెమెన్ పోయింది. బంగాళాఖాతంలో పుట్టిన హమూన్ బంగ్లాదేశ్ పోయింది. టీవీలో రెండు సుడులూ గుండ్రంగా తిరుగుతుంటే, వాటి మధ్యన మా నేల మీద ఒక్క మబ్బు తునక లేదు. అక్కడ వాటి దెబ్బ తిన్నవాళ్ళను తలచుకుంటూనే, ఒక తోక అయినా ఇటు తిప్పి పోకూడదా అనుకున్న రైతులు మా వైపు వేలమంది ఉంటారు. ఆ కోరికను స్వార్థమని నేను అనలేను. ఎండిన చేను పక్కన నిలబడ్డ మనిషి ఎవరి చావునూ కోరుకోడు, పదును కోరుకుంటాడు.

అయితే ఆ వాన పదిరోజులు అటూ ఇటూ అయితే లెక్క తారుమారవుతుంది. స్వాతి, విశాఖ కార్తెలు వచ్చేసరికి పత్తి పగిలి తెల్లగా చేను నిండా ఉంటుంది. మొక్కజొన్న కంకులు వొలిచి గింజల్ని రోడ్డు మీద ఆరబోసి ఉంటారు. నంద్యాల దారిలో ఆ రోజుల్లో ప్రయాణించినవాళ్ళకు సగం రోడ్డు పసుపుపచ్చగా పరచుకుని ఉండడం గుర్తుంటుంది. కాలువ కింద వరి కంకి బరువుకు వంగి కోతకు ఎదురుచూస్తుంది. అప్పుడొచ్చిన తుపానుకు పట్టలు కప్పడానికి ఇంటిల్లిపాదీ రాత్రిపూట పరుగెత్తుతారు. పత్తి నల్లబడుతుంది, గింజ మొలకెత్తుతుంది, వరి నేలకొరుగుతుంది. ఒకే ఊళ్ళో, ఒకే వానకు, శనగ వేయాలనుకున్నవాడు ఆకాశానికి దండం పెడుతుంటే, పక్క చేను వాడు తల పట్టుకుని కూర్చుంటాడు. ఒకే రైతు రెండు చేలలో ఈ రెండూ అనుభవించిన సందర్భాలు కూడా ఉన్నాయి. తుపాను మంచిదా చెడ్డదా అని మమ్మల్ని అడిగితే, ఏ కార్తెలో, ఏ చేలో అని మేము తిరిగి అడగవలసి వస్తుంది.

వాతావరణ శాఖ తుపానును కొలిచేది గాలితో. గంటకు 31 కిలోమీటర్ల గాలి వీస్తే వాయుగుండం, 50 దాటితే తీవ్ర వాయుగుండం, 62కు చేరితే తుపాను, 89కి తీవ్ర తుపాను, 118కి అతి తీవ్ర తుపాను. 62 చేరినప్పుడే పేరు పెడతారు. మన సముద్రాల్లో ఈ పేర్లు పెట్టడం 2004లో మొదలైంది. ఆ ఏడు అక్టోబరులో వచ్చిన ఒనిల్ మొదటిది. 2020లో పదమూడు దేశాలు కలిసి 169 పేర్లతో కొత్త జాబితా ఇచ్చాయి.

గాలిని కొలమానంగా పెట్టుకోవడం తప్పు అని నేను అనడం లేదు. సముద్రంలో ఓడనూ తీరంలో గుడిసెనూ కూల్చేది గాలే, ఉప్పెనను ఒడ్డుకు తోసేది గాలే. తీరాన్ని కాపాడాలంటే గాలినే కొలవాలి. ఆ కొలత నమ్ముకుని చేసిన పని ఎంత గొప్పదో ఒడిశా చూపించింది. 1999 పెను తుపానులో దాదాపు పదివేల మందిని పోగొట్టుకున్న రాష్ట్రం, 2013లో పైలిన్ వచ్చేసరికి లక్షల మందిని ముందే తరలించి, చావుల్ని పదుల్లోకి దించగలిగింది. మన దగ్గర 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని చీల్చి చెండాడినా, గాలి ఎంత వస్తుందో, ఎక్కడ వస్తుందో జనానికి ముందే తెలుసు. ఈ దేశపు వాతావరణ శాస్త్రం సాధించిన వాటిలో ఇంతకన్నా పెద్దది నాకు కనిపించదు.

కానీ తుపాను తీరం దాటిన క్షణం నుంచి ఆ కొలమానానికి మా మీద చూపు ఉండదు. సముద్రపు వేడినీరే తుపానుకు తిండి. నేల మీదికి రాగానే ఆ తిండి ఆగిపోతుంది, చెట్లూ కొండలూ గాలికి అడ్డం పడతాయి, కొన్ని గంటల్లో వేగం పడిపోతుంది. తుపాను వాయుగుండమవుతుంది, వాయుగుండం అల్పపీడనమవుతుంది. టీవీల వాళ్ళు కెమెరాలు సర్దుకుంటారు. పైన మాత్రం సముద్రం నుంచి మోసుకొచ్చిన తేమ అలాగే ఉంటుంది. గాలి తగ్గింది కదా అని నీళ్ళు తగ్గవు. పైగా నడక మందగిస్తే ఉన్నచోటే కురుస్తుంది. తేమ నిండిన ఆ గాలి ఎర్రమల, నల్లమల కొండలకు తగిలి పైకి లేచినచోట వాన ఇంకా ముదురుతుంది. తీరంవాళ్ళకు ప్రమాదం తీరిపోయిన వేళకు మాకు మొదలవుతుంది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు అందరి కళ్ళూ కాకినాడ, అంతర్వేదుల మీద ఉన్నాయి. మర్నాడు మునిగింది వరంగల్, హనుమకొండ. డోర్నకల్ స్టేషన్లో పట్టాల మీద నీళ్ళు పారాయి. ఇది మన ఒక్కరి కష్టమూ కాదు. 2024 సెప్టెంబరులో అమెరికాలో హెలీన్ ఫ్లోరిడా తీరాన దిగి, వందల కిలోమీటర్లు లోపలికి పోయి, నార్త్ కరొలైనా కొండల్లో ఆష్‌విల్ చుట్టూ ఊళ్ళకు ఊళ్ళనే తుడిచేసింది. 2017లో హార్వీ గాలి తగ్గిన తర్వాతే హ్యూస్టన్ మీద రోజుల తరబడి నిలబడి కురిసింది. మన పిల్లలు ఎందరో ఉన్న ఊరు కాబట్టి ఆ వారం తెలుగునాట ఎన్ని ఇళ్ళలో నిద్ర లేదో చెప్పలేం.

ఇక 2009 సంగతి. ఆ ఏడు దేశమంతా కరువు. నైరుతి వాన మామూలుకన్నా 22 శాతం తక్కువ పడింది. 1972 తర్వాత అంత చెడ్డ ఏడు లేదు. సెప్టెంబరు 2న నల్లమలలో, మాకు చేరువలోనే, పావురాల గుట్ట మీద హెలికాప్టర్ కూలి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డి పోయారు. ఆ రోజు అడవి మీద కమ్ముకున్న మబ్బుల్నీ వానల్నీ మా వైపువాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. సరిగ్గా నెలకు, గాంధీ జయంతి నాడు, వరద వచ్చింది.

సెప్టెంబరు ఆఖరి రోజుల్లో పట్టిన ముసురు వదల్లేదు. అది ఒక్క కర్నూలు మీద కురిసి ఉంటే వంకలు పొర్లి రెండు రోజుల్లో తగ్గిపోయేవి. అటు ఉత్తర కర్ణాటకలో కూడా అదే వాన కురిసింది. కృష్ణ, తుంగభద్ర, హంద్రీ మూడూ ఒకేసారి పొంగాయి. కర్నూలు హంద్రీ, తుంగభద్ర కలిసేచోట కట్టుకున్న ఊరు. సుంకేశుల బ్యారేజీని దాటి వచ్చిన తుంగభద్ర ఒకవైపు, హంద్రీ ఒకవైపు తోసుకొస్తుంటే, ముందుకు పోవడానికి దారి లేదు. దిగువన శ్రీశైలం నిండిపోయి ఉంది. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. సముద్ర మట్టం నుంచి కొలిచిన లెక్క అది. ఆ వరదలో నీళ్ళు 896.5 అడుగులు తాకాయి. సుమారు 19 లక్షల క్యూసెక్కుల వరదను తట్టుకునేటట్టు కట్టిన జలాశయంలోకి 25 లక్షలు వచ్చి పడ్డాయి. అలంపురం మునిగింది, మంత్రాలయం మునిగింది, కర్నూలులో కొన్ని పేటల్లో మేడ మీద నిలబడ్డవాళ్ళు మాత్రమే నీళ్ళపైన ఉన్నారు.

నందికొట్కూరులో కర్నూలు చుట్టాలు లేని ఇల్లు ఉండదు. ముప్ఫై కిలోమీటర్ల దూరం. ఆ రాత్రి ఫోన్లు మోగలేదు. ఒకరి ఫోను కలిసిందంటే పది ఇళ్ళవాళ్ళు అక్కడ చేరేవాళ్ళు. నీళ్ళు తీసిన తర్వాత వెళ్ళి చూస్తే, గోడ మీద బురద గీత మనిషి ఎత్తుకు పైన ఉంది. వడ్ల బస్తాలు, పాస్‌బుక్కులు, పెళ్ళి ఫోటోలు అన్నీ ఒకే రంగు. కర్నూలువాళ్ళు ఇప్పటికీ వయసులూ పెళ్ళిళ్ళూ చెప్పేటప్పుడు వరదకు ముందు, వరద తర్వాత అంటారు. ఇటు మా తాలూకాలో పగిడ్యాల, కొత్తపల్లె వైపు భూములు శ్రీశైలం నీళ్ళకు ఒడ్డు. 1980ల మొదట్లో జలాశయం నిండినప్పుడు పాత ఊళ్ళు వదిలి పైకి వచ్చినవాళ్ళు అక్కడ ఉన్నారు. సంగమేశ్వరం గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళలోనే ఉంటుంది, మట్టం పడిపోయిన వేసవిలో బయటికి వస్తుంది. 885 వరకే నీళ్ళు వస్తాయని చెబితే నమ్మి ఆ పైన ఇల్లు కట్టుకున్నవాళ్ళకు 896.5 అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

కర్నూలు ఒక్కటే అయితే అరుదైన దుర్ఘటన అని సరిపెట్టుకోవచ్చు. 2021 నవంబరు 19న, కార్తీక పౌర్ణమి పూట, చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి రాజంపేట దగ్గర ఊళ్ళు కొట్టుకుపోయాయి. ఆ వాన తెచ్చింది చెన్నై దగ్గర తీరం దాటిన వాయుగుండం, పేరు లేనిదే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ 11.43 లక్షల క్యూసెక్కులు వదిలింది, 2009 వరదలో అదే బ్యారేజీ వదిలినదానికన్నా కూడా ఎక్కువ. ఆ వాన వెనక ఉన్నదీ కళింగపట్నం దగ్గర తీరం దాటిన వాయుగుండమే. ఈ శతాబ్దంలో తెలుగు ఊళ్ళను ముంచిన వరదల్లో ముందుగా నోటికి వచ్చే మూడు ఇవి. మూడింటిలో ఒక్కదానికీ గాలి 62 చేరలేదు.

నా బాధ అంతా ఇక్కడే ఉంది. పేరున్నది వస్తుందంటే బడులకు సెలవిస్తారు, కలెక్టరేట్‌లో కంట్రోల్ రూమ్ తెరుస్తారు, మంత్రులు సమీక్షలు చేస్తారు. అల్పపీడనమంటే ఎవరూ పడకలోంచి లేవరు. వాతావరణ శాఖ దగ్గర వానకు కూడా మెట్లు ఉన్నాయి. ఒక్కరోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ వాన. పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు ఉన్నాయి. రాష్ట్ర విపత్తుల సంస్థ ఫోన్లకు సందేశాలు పంపుతోంది. ఇవన్నీ 2009లో ఉన్నదానికన్నా ఎంతో మెరుగు, ఆ పని చేస్తున్నవాళ్ళకు నా నమస్కారం. కానీ జిల్లా అంతటికీ ఒక రంగు వేస్తే నందికొట్కూరు రైతుకు ఏమీ తెలియదు. మా జిల్లా 2022లో నంద్యాల కేంద్రంగా కొత్తగా ఏర్పడింది. అందులో ఒక కొసన సంగమేశ్వరం, మరో కొసన ఆళ్ళగడ్డ. ఒకచోట ప్రమాదం కృష్ణ నుంచి వస్తుంది, మరోచోట కుందూ వాగుల నుంచి. ఏ వంక ఎంత వానకు పొర్లుతుందో, ఏ కాజ్‌వే మీద నీళ్ళు పారితే ఏ ఊరికి దారి తెగుతుందో ఆ ఊళ్ళో ముసలివాళ్ళకు తెలుసు. ఆ తెలివి ఏ కాగితం మీదికీ ఎక్కలేదు. వాళ్ళతో పాటే వెళ్ళిపోతోంది.

జలాశయాల గేట్ల దగ్గర కూర్చునేవాళ్ళ కష్టం కూడా పెదనాయన కష్టం లాంటిదేనని నాకు అనిపిస్తుంది. కరువు ఏట నిండిన నీళ్ళను, వాన వస్తుందేమోనన్న అనుమానంతో ముందే వదిలెయ్యమంటే ఎవరికి చెయ్యి ఆడుతుంది? వాన రాకపోతే సీమ కాలువలకు తలుపైన పోతిరెడ్డిపాడుకు నీళ్ళు అందవు, రాయలసీమ మొత్తం వాళ్ళను తిడుతుంది. వచ్చి గేట్లు ఆలస్యమైతే కర్నూలు మళ్ళీ మునుగుతుంది. ఈ తూకం గాలి వేగం చూసి తేలేది కాదు. ఎన్ని మిల్లీమీటర్లు, ఏ ఏటి మీద, ఎన్ని గంటల్లో అన్నది తెలిస్తే తప్ప.

ఇప్పుడు పెదనాయన లేడు. ఆయన కొడుకు సెల్‌ఫోన్లో ఉపగ్రహం బొమ్మ చూపించి, "తీరం దాటినాదంట, ఇంక ఫర్వాలేదులే అన్నా" అంటాడు. నేను అతన్ని కూర్చోబెట్టి వేరే సంగతులు చూడమంటాను. దాటిన తర్వాత ఎటు కదులుతోంది, ఎంత మెల్లగా కదులుతోంది, రాయచూరు వైపు నిన్న ఎంత కురిసింది, సుంకేశుల దగ్గర ఎంత వదులుతున్నారు, శ్రీశైలం 885కు ఇంకెన్ని అడుగుల దూరంలో ఉంది. ఇవన్నీ చూసిన తర్వాత శనగ విత్తనం గురించి మాట్లాడుకుంటాం. రెండు రోజులు ఆగి పదును చూసి వేయవచ్చు. రోడ్డు మీది మొక్కజొన్నను మాత్రం ఆ సాయంత్రమే ఎత్తి ఇంట్లో పోయాలి.